పక్కనున్న పాత్రకు సొంత కథ



ఈ పూట మాట్లాడుకోబోయే విషయం జపాన్‌లో పుట్టింది. అయినా మన అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇళ్లలోకి అది ఎప్పుడో వచ్చేసింది. కాలేజీకి వెళ్లే పిల్లలు ఫోనులో చదువుకునే నలుపు తెలుపు బొమ్మల కథలు మీరు చూసే ఉంటారు. వాటిని మాంగా అంటారు. కుడి నుంచి ఎడమకు చదవాలి. వారం వారం, నెల నెలా సీరియల్‌గా వస్తాయి. కొన్ని ఏళ్ల తరబడి సాగుతాయి.

ఇలాంటి పెద్ద కథలో నాయకుడి పక్కనో, ప్రతినాయకుడి వెనకో ఒక మనిషి ఉంటాడు. నాలుగు మాటలు చెప్పి తప్పుకుంటాడు. కానీ పాఠకులకు అతని మీద మనసు పడుతుంది. అది గమనించి రచయితో, పత్రికవాళ్లో అతనికే ఒక కథ కడతారు. దాన్ని స్పిన్ ఆఫ్ అంటున్నారు. మనం ఉపపాత్ర కథ అనుకుందాం. అలాంటి కథ సొంత కాళ్ల మీద నిలబడుతుందా? మూలకథ పేరు చెప్పుకుని నాలుగు రోజులు అమ్ముడుపోయి మరుగున పడుతుందా?

నా సమాధానం ముందే చెబుతాను. నిలబడుతుంది, ఒక షరతు మీద. ఆ పాత్రకు తనదైన కోరికో, దుఃఖమో ఉండాలి. దాన్ని వినే తీరిక మూలకథకు లేకపోయి ఉండాలి. అది విన్నాక మనం మళ్లీ మూలకథ దగ్గరికి వెళితే, అది మునుపటిలా కనిపించకూడదు. దీనికి సాక్ష్యాలు జపాన్‌లో ఉన్నాయి. వాటికంటే బలమైన సాక్ష్యాలు మన కోనసీమలో ఉన్నాయి.

ముందు జపాన్ సంగతి. షోనెన్ జంప్ అనే వారపత్రిక అక్కడ 1968లో మొదలైంది. ఏ సీరియల్ నచ్చిందో పాఠకులు కార్డు రాసి పంపుతారు. ఆ కార్డులను బట్టి ఏ కథ కొనసాగాలో, ఏది ఆగాలో తేలుతుంది. ఇంత పోటీలో పాఠకుల మనసు దోచిన పాత్రను ఏ పత్రికా వదులుకోదు. ఉపపాత్ర కథలు పుట్టడానికి వ్యాపారం ఒక కారణమని ఒప్పుకోవాలి. కానీ పుట్టుక వ్యాపారంలో జరిగినంత మాత్రాన కథ చెడిపోనక్కర్లేదు.

హిరొహికో అరాకి అనే చిత్రకారుడు 1987 నుంచి జోజో అనే సుదీర్ఘ కథ నడుపుతున్నారు. అందులో నాలుగో భాగంలో రోహన్ కిషిబే అనే మనిషి వస్తాడు. అతను కూడా మాంగా గీసేవాడే. ఎదుటి మనిషిని పుస్తకంలా తెరిచి, అతని జీవితమంతా చదివేయగల శక్తి అతనికి ఉంది. 1997లో అరాకి రోహన్ కోసం ఒక విడి కథ రాశారు. అందులో రోహన్ ఇటలీలో ఒక చర్చికి వెళ్లి, పాపం ఒప్పుకోవడానికి వచ్చిన ఒకతని మాటలు వింటాడు. కథంతా ఆ వచ్చినవాడిదే. రోహన్ ఊరికే చెవి ఒగ్గుతాడు. ఆ తర్వాత ఇలాంటివి మరికొన్ని వచ్చాయి. 2020లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. వాటిని టీవీ నాటకాలుగా తీసింది. మూలకథ తెలియనివాళ్లు కూడా చూశారు. ఎందుకు కుదిరింది? ఇతరుల బతుకులు తెలుసుకోవాలనే తీరని ఆశ రోహన్‌ది. మూలకథలో పోరాటాల హడావుడి మధ్య ఆ ఆశకు చోటు చాలలేదు. విడి కథల్లో అదే ఇరుసు అయింది.

ఇంకో ఉదాహరణ. నొబుయుకి ఫుకుమోతో రాసిన కైజీ అనే జూదం కథలో తొనెగావా అనే పెద్ద ఉద్యోగి ఉంటాడు. అప్పులపాలైన కుర్రాళ్ల చేత ప్రాణాంతకమైన ఆటలు ఆడించే క్రూరుడు. చివరికి తన యజమాని చేతిలోనే ఘోరంగా శిక్ష అనుభవిస్తాడు. 2015లో ఇతని మీద ఒక ఉపపాత్ర కథ మొదలైంది. అందులో తొనెగావా ఏం చేస్తాడు? మీటింగులు పెడతాడు. ఒకే రకం నల్ల సూట్లు, నల్ల కళ్లద్దాలు వేసుకున్న కింది ఉద్యోగుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టలేక అవస్థ పడతాడు. పైనున్న ముసలి యజమాని ఎప్పుడు దేనికి కోప్పడతాడో తెలియక నలిగిపోతాడు. మనం నవ్వుతాం. నవ్వుతూనే, ఇతని గతి ఏమవుతుందో తెలుసు కాబట్టి లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఆ పాత క్రూరుడి వెనక ఒక ఉద్యోగి భయం ఉందని అప్పుడు తెలుస్తుంది. నేను చెప్పిన షరతు ఇక్కడ పూర్తిగా నెరవేరింది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఉపపాత్రకు పెద్దపీట వేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మార్కండేయ పురాణంలో స్వారోచిష మనువు పుట్టుక చెప్పడానికి ముందు ప్రవరుడు, వరూధిని అనే ఇద్దరి కథ కొద్దిగా వస్తుంది. అల్లసాని పెద్దన ఆ కొద్దిపాటి కథను తీసుకుని మనుచరిత్ర రాశాడు. కావ్యం పేరు మనువుది. కానీ అయిదు వందల ఏళ్లుగా తెలుగువాళ్ల నోట నానుతున్న పేర్లు ప్రవరుడు, వరూధిని. మనువు కథ ఏమిటని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? వరూధినికి ఒక కోరిక ఉంది, ఆ కోరిక తిరస్కారానికి గురైంది. అది చాలు, కావ్యం ఆమె వైపు ఒరిగిపోయింది.

మాయాబజార్ తీసుకోండి. 1957 మార్చిలో విడుదలైంది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. తీసింది విజయా సంస్థ. 1947లో చందమామ పత్రికను మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే ఆ సంస్థకు అధిపతులు. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్లి కథ లేదు. అది జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ. సురభివారు ఊరూరా ఆడి పండించిన కథ. సినిమాలో ఒక విశేషం ఉంది. పాండవుల కుటుంబం చుట్టూ తిరిగే కథలో అయిదుగురు పాండవుల్లో ఒక్కరూ తెర మీదికి రారు. అర్జునుడు వస్తే అభిమన్యుడు కొడుకుగా మిగిలిపోతాడు. భీముడు వస్తే ఘటోత్కచుడు ఆయన వెనక నిలబడాలి. పెద్దవాళ్లను పక్కన పెట్టారు కాబట్టి పిల్లల కథకు ఊపిరి ఆడింది. ఇది ఎంతో పెద్ద పాఠం. ఉపపాత్ర కథలో మూలనాయకుడు మాటిమాటికీ వచ్చి పలకరిస్తుంటే, చూసేవాళ్ల కళ్లు అతని మీదికే పోతాయి.

ఇంకొకటి. భారత యుద్ధంలో ఘటోత్కచుడు కర్ణుడి శక్తికి బలైపోతాడు. మాయాబజార్ చూసినవాళ్లు ఆ ఘట్టం మళ్లీ చదివితే, సినిమాలో ఆ వేషం కట్టిన ఎస్.వి.రంగారావు నవ్వు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. ఒకప్పుడు యుద్ధంలో ఒక ఎత్తుగా కనిపించిన చావు ఇప్పుడు మన ఇంటివాడి చావు అవుతుంది. మంచి ఉపపాత్ర కథ మూలకథకు తిరిగి ఇచ్చే కానుక అది.

మన ముమ్మిడివరం పేరు చెప్పకుండా ఈ విషయం ముందుకు సాగదు. అక్కడి కళావంతుల, అంటే దేవదాసీల, కుటుంబాలు తరతరాలుగా భామాకలాపం, గొల్లకలాపం ఆడాయి. భామాకలాపంలో సత్యభామే సర్వస్వం. కృష్ణుడు ఎక్కడో ఉంటాడు. ఆయన మీద అలక, ఆయనకు రాసే లేఖ, చెలికత్తెతో వాదన, వీటితోనే రాత్రి గడిచిపోతుంది. గొల్లకలాపం ఇంకా సాహసం. చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుడిని నిలదీస్తుంది. మనిషి తల్లి కడుపులో ఎలా రూపు కడతాడో చెబుతుంది, యజ్ఞమంటే ఏమిటో చర్చిస్తుంది. కృష్ణ కథల్లో గుంపులో ఒకతెగా కనిపించే మనిషి ఇక్కడ శాస్త్రం మాట్లాడుతుంది. దేవదాసీ వ్యవస్థను ఆపుతూ 1947లో చట్టం వచ్చింది. అమ్మాయిలను ఆ బతుకులోకి నెట్టడం ఆగవలసిందే. కానీ ఆ కుటుంబాల చేతుల్లో ఉన్న విద్యకు సమాజం ఇవ్వవలసిన గౌరవం ఇవ్వలేదు. రంగం మీద ఉపపాత్రలకు కిరీటం పెట్టిన ఆ కళాకారిణులు, చరిత్రలో తామే ఉపపాత్రలైపోయారు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

అన్ని పాత్రలకూ సొంత కథ అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరం లేదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వస్తారు. రామరావణ యుద్ధం మధ్యలో దూరి, కాసేపు కొట్టుకుని, తిట్టుకుని, జనాన్ని నవ్వించి వెళ్లిపోతారు. తెల్లవార్లూ వాళ్లనే ఆడించమని ఎవరూ అడగరు. వాళ్ల బలం రాకపోకల్లో ఉంది. యుద్ధం బరువు పక్కన లేకపోతే ఆ నవ్వుకు పదును ఉండదు. చాలా ఉపపాత్ర కథలు దెబ్బతినేది ఇక్కడే. ఒక పాత్ర ఒక చమత్కారం వల్ల నచ్చుతుంది. ఆ చమత్కారాన్నే రెండు వందల పేజీలు సాగదీస్తారు. మొదటి అధ్యాయంలో నవ్వుతాం. మూడో అధ్యాయానికి పేజీలు తిప్పేస్తాం. ఇంకో పొరపాటు కూడా ఉంది. మూలకథలో రహస్యంగా ఉండడమే ఒక పాత్రకు అందం అయినప్పుడు, ఆ రహస్యాన్ని పూసగుచ్చినట్టు విప్పిచెప్పడం. అతని చిన్నతనం, అతని గాయం, అతని కత్తి ఎక్కడ కొన్నాడు, అన్నీ చెప్పేస్తే మనకు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు.

మరి మంచి ఉపపాత్ర కథ ఎలా ఉండాలో చూడాలంటే, కొత్తపేటకు అవతల ర్యాలి ఉంది. జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే శిల. ముందు నుంచి చూస్తే విష్ణువు, చుట్టూ తిరిగి వెనక్కి వెళితే మోహిని. అమృతం పంచే ఘట్టంలో మోహిని ఒక్కసారి వచ్చి, పని ముగించుకుని మాయమవుతుంది. ఇక్కడి శిల్పి ఆమెను మాయం కానివ్వలేదు. ఉపపాత్ర కథ ఇలా ఉండాలని నా నమ్మకం. శిల అదే అయి ఉండాలి. కానీ చూసేవాడు చుట్టూ తిరిగి, ఇంతవరకు చూడని వైపు చూడాలి. ముందువైపునే ఇంకోసారి చూపిస్తే ఎవరికీ లాభం లేదు.

ఇప్పుడు ఈ ప్రసంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. బోయి భీమన్న గారు. 1911లో మామిడికుదురులో పుట్టారు. రాజోలు వైపు, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఊరు. దళిత కుటుంబం. గుడిసెలు కాలిపోతున్నాయి అనే కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది. 2005లో కన్నుమూశారు. ఈ గౌరవాలన్నీ ఆయనకు తగినవే. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆయన రాసిన రెండు నాటకాల గురించి.

మొదటిది పాలేరు. అంతకుముందు కథల్లో పాలేరు ఏం చేసేవాడు? ఎడ్లు తోలేవాడు, నీళ్లు తెచ్చేవాడు, చిత్తం బాబూ అని వెళ్లిపోయేవాడు. కథ దొరల ఇంట్లో జరిగేది. భీమన్న గారు కథను ఆ కుర్రాడి వెంట నడిపించారు. అతను చదువుకున్నాడు, అధికారి అయ్యాడు. ఈ నాటకం చూసి కొందరు పాలేరుతనం మానేసి బడికి వెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉపపాత్రకు సొంత కథ ఇవ్వడం ఒక సాహిత్య ప్రయోగం అనుకుంటాం. ఇక్కడ అది చూసేవాడి బతుకునే మార్చింది. ప్రేక్షకుల్లో కూర్చున్న కుర్రాడు తనను తాను నాయకుడిగా చూసుకోవడం బహుశా అదే మొదటిసారి.

రెండోది రాగవాసిష్ఠం. ఇది అరుంధతీ వసిష్ఠుల కథ. మన పెళ్లిళ్లలో అరుంధతి గురించి తెలియనివాళ్లు లేరు. పురోహితుడు కొత్త జంటను బయటికి తీసుకొచ్చి ఆకాశం చూపిస్తాడు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మిణుకుమిణుకుమనే చిన్న చుక్క ఆమె. ఆమెలా ఉండమ్మా అని పెళ్లికూతురికి చెబుతారు. ఆమె ఎలా ఉండేది? ఎవరి బిడ్డ? ఏం ఆశపడింది? అక్కడ ఎవరూ చెప్పరు. భర్త పక్కన ఉండడం ఒక్కటే ఆమె కథ. పక్కనున్న పాత్ర అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఎక్కడుంది? మన గోదావరి పాయల్లో చాలావాటికి రుషుల పేర్లు ఉన్నాయి. గౌతమి, వసిష్ఠ, కౌశిక, ఆత్రేయ, భారద్వాజ. అరుంధతి పేరుతో మాత్రం ఒక్క పాయ లేదు.

అరుంధతి తక్కువ కులంగా ఎంచినవారి బిడ్డ అనే మాట మన సంప్రదాయంలో చాలాకాలంగా ఉంది. మాదిగలు తమను అరుంధతీయులు అని చెప్పుకోవడం అందుకే. అందరికీ తెలిసి, ఎవరూ పట్టించుకోని ఆ సంగతిని భీమన్న గారు నాటకానికి నడిబొడ్డున పెట్టారు. వసిష్ఠుడు ప్రేమించి పెళ్లాడింది ఒక దళిత కన్యను అయితే, ప్రతి పెళ్లిలోనూ ఆ కన్యనే ఆదర్శంగా చూపిస్తూ, ఊళ్లో మాత్రం ఆమె వాళ్లను వెలివాడలో ఉంచడం ఏ ధర్మం? ఈ ప్రశ్న మూలకథలోనే దాగి ఉంది. బయటికి తీయడానికి గోదావరి పాయల నడుమ పుట్టిన ఒక దళిత కవి కావలసి వచ్చింది. ఆ నాటకం తెలిశాక పెళ్లిలో అరుంధతిని చూపిస్తుంటే ఆ చుక్క మునుపటి చుక్కలా ఉండదు. నేను మొదట చెప్పిన పరీక్షలో ఇంత నిండుగా నెగ్గిన ఉపపాత్ర కథ నాకు తెలిసి మరొకటి లేదు.

ఈ దారిలోనే నడిచిన మరో తెలుగు పుస్తకం ఓల్గా గారి విముక్త. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. రామాయణంలో అవమానం మిగుల్చుకుని తప్పుకున్న శూర్పణఖ అందులో చక్కని తోట పెంచుకుంటూ సీతకు కనిపిస్తుంది. అహల్య, రేణుక, ఊర్మిళ కూడా వస్తారు. వాళ్ల మాటలు విన్న సీత, ఆమె వెనక రాముడు, మనకు కొత్తగా అర్థమవుతారు. పక్కనున్నవాళ్లు మాట్లాడితే నడిమి మనుషులు కూడా మారతారని ఈ పుస్తకం నిరూపించింది.

మూలకథల పవిత్రత చెడుతుందేమోనని కొందరు పెద్దలు జంకుతారు. వారికి నేను గౌరవంగా ఒక మాట చెబుతాను. మన అంతర్వేది స్థలపురాణం చూడండి. నరసింహావతారం హిరణ్యకశిపుడితో ముగిసిపోయింది కదా. కానీ అంతర్వేదిలో హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు పుట్టుకొచ్చాడు. అతని రక్తపు చుక్క ఇసుకలో పడితే ఎన్ని రేణువులు తడిస్తే అంతమంది రాక్షసులు లేచే వరం. ఆ రక్తం నేల మీద పడకుండా నాలుక చాచిన అశ్వరూఢాంబిక, మనం గుర్రాలక్క అని కొలిచే తల్లి, ఆ కథలోదే. ఏటా భీష్మ ఏకాదశికి లక్షలాది జనం వెళ్లే క్షేత్రం ఒక ఉపకథ మీద నిలబడి ఉంది. భక్తులకు అందులో ఏ దోషమూ కనిపించలేదు. కథ మన ఊరి ఇసుక మీదికి వచ్చినందుకు సంతోషించారు.

అదే స్థలపురాణంలో రక్తవిలోచనుడు వసిష్ఠుడి నూరుగురు కొడుకులనూ చంపుతాడు. ఆ నూరుగురికీ తల్లి అరుంధతి. ఆమె శోకం దగ్గర కథ ఎక్కువసేపు ఆగదు. రాక్షసుడి వైపు, నరసింహుడి వైపు వెళ్లిపోతుంది. అంటే మన నేల మీద ఇంకా ఎవరూ చెప్పని కథ ఒకటి ఎదురు చూస్తోంది.

అందుకే బొమ్మలు గీసే, కథలు రాసే కోనసీమ యువతీ యువకులకు ఇది నా విన్నపం. మాంగా చదవండి. చదవవద్దని చెప్పేవాళ్లలో నేను లేను. బొమ్మల వరుసతో కథను పరిగెత్తించే ఆ నేర్పు నేర్చుకోదగినది. కానీ పెన్సిలు పట్టినప్పుడు జపాన్ పాత్రకు ఇంకో రూపం గీసి ఆగిపోకండి. గుర్రాలక్కను గీయండి. అంతర్వేది ఇసుకలో కూర్చున్న అరుంధతిని గీయండి. గొల్లభామ వాదనను బొమ్మల్లో పెట్టండి. గీసే ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పాత్రకు తనదంటూ ఏం కావాలి? పెద్ద నాయకుడిని పక్కన పెట్టినా కథ నడుస్తుందా? ఇది చదివినవాడు మూలకథను కొత్త కళ్లతో చూస్తాడా? మూడింటికీ జవాబు దొరికితే మొదలుపెట్టండి. దొరకకపోతే ఆ పాత్రను ఉన్నచోటే ఉండనివ్వండి. అక్కడ కూడా దానికి అందం ఉంది.

పెద్దలకు కూడా ఒక మాట. మీ ఊరి గ్రంథాలయంలో భీమన్న గారి పాలేరు, రాగవాసిష్ఠం ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి. మామిడికుదురు బిడ్డ రాసిన నాటకాలు మామిడికుదురు పిల్లలకు, రాజోలు పిల్లలకు, అమలాపురం పిల్లలకు అందాలి. ముందు మనవాళ్లు ఏం చేశారో తెలిస్తే, రేపు మన పిల్లలు గీసే కథలు ఎవరి పక్కనా నిలబడనక్కర్లేదు.